పెద్దింట్లమ్మ ఆగిన చోట

బందరులో, శుక్రవారం మ్యాట్నీ ఆటలో, నేల టికెట్టు గేటు దగ్గర ఒక ఆడమనిషిని రెక్క పట్టుకుని బయటికి గెంటారు. ఆమె చేసిన నేరం ఒక్కటే. తెర మీద తన పాట వస్తుంటే లేచి నిలబడి, "అది కాదయ్యా, అట్టా కాదు" అంది.

ఆమె పేరు పెద్దింట్లమ్మ. దివిసీమలో దిబ్బపాలెం. సముద్రం మీద బతికే ఇల్లు. ఉప్పెనలో మొగుడూ పిల్లలూ పోయి ఒక్కతే మిగిలింది. ఆ సినిమా చూపిద్దామని ఆమెను బస్సెక్కించి బందరు తెచ్చింది నేనే. నా పని సినిమా పబ్లిసిటీ. రిక్షాకి రెండు పక్కలా బొమ్మల బోర్డులు కట్టుకుని, మైకు పట్టుకుని వీధి వీధీ అరుస్తాను. పేరు అబ్బులు. ఊరందరికీ అబ్బులు మావయ్యని. సొంత మేనల్లుడు ఒక్కడూ లేడనుకోండి, అయినా మావయ్యనే.

సినిమా పేరేంటంటారా? చెప్పను. పూటపూటా ఆ పేరు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాడినే, అయినా చెప్పను. వాళ్ళు పెద్దింట్లమ్మ పేరు ఎక్కడా వెయ్యలేదు. వాళ్ళ పేరు నేనెందుకు వెయ్యాలి? చెల్లుకు చెల్లు.

గేటు బయట, సోడా బండి పక్కన ఆమె కూలబడింది. నేను ఏదో ఒక వేళాకోళం ఆడదామని నోరు తెరిచాను. నా నోటికి అది అలవాటు. ఆమె మొహం చూశాక మాట లోపలికే పోయింది.

"నా పిల్లల పేర్లు ఏవి మావయ్యా?" అంది. "పాటలో లేవే. యాడ పారేశారు?"

అసలు కథ అక్కడ మొదలు కాదు. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఉప్పెన వచ్చిన మరుసటేడు మద్రాసు నుంచి సినిమావాళ్ళు దివిసీమకి దిగారు. ఉప్పెన మీద సినిమా తీస్తారట. శవాలు కుళ్ళిపోతున్నప్పుడు రాని కార్లన్నీ అప్పుడు వచ్చాయి. జనాన్ని సప్లై చేసే కాంట్రాక్టు కోదండరామయ్య గారిది. బందరులో మా సినిమా హాలు ఓనరూ ఆయనే, ఈ సినిమాని జిల్లాకి కొన్నదీ ఆయనే. శవాల్లాగా పడుకోవటానికి మగవాళ్ళు కావాలన్నారు, ఏడవటానికి ఆడవాళ్ళు కావాలన్నారు. "దిబ్బపాలెం పోదాం పదండి. ఏడుపు నేర్పక్కర్లేదు" అన్నాడాయన, కిళ్ళీ నములుతూ.

నా మైకుతో సహా నన్నూ తీసుకెళ్ళారు. జనానికి చెప్పటం నా డ్యూటీ. "ఏడవండమ్మా" అని నేనంటే ఏడ్చేవాళ్ళు. "ఆపండమ్మా" అంటే మాత్రం ఆపేవాళ్ళు కాదు. డైరెక్టరు చిరాకు పడి, "అబ్బులూ, కట్ చెప్పాక కూడా ఏడుస్తారేంటయ్యా వీళ్ళు?" అన్నాడు. "సార్, వీళ్ళకి స్టార్ట్ చెప్పింది మీరు కాదు సార్" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయనా నవ్వాడు. అర్థమై నవ్వాడో కాక నవ్వాడో తెలీదు.

అక్కడే పెద్దింట్లమ్మ పాట విన్నాను. ఆ పాట సంగతి మీకు తెలియాలంటే ఆ పాలెం పద్ధతి ఒకటి తెలియాలి.

తెల్లారకముందే పడవలు దిగుతాయి. మొహాలు కనపడవు. అందుకని పడవ నీళ్ళలోకి తోసే ముందు, ఒడ్డున ఒక ఆడమనిషి నిలబడి ఎక్కినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంది. పిలవగానే చీకట్లోంచి వాడు "ఉన్నా" అనాలి. అందరూ అన్నాకే పడవ కదులుతుంది. మనిషి పోతే, ఇంటి ఆడమనిషి శోకంలో కూడా అలాగే పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచి ఆగుతుంది. పక్కన కూర్చున్న బంధువుల్లో ఎవరో ఒకరు "ఉన్నా" అనాలి. వాడి బదులు నేనున్నా అని. ఊరికే అనేమాట కాదది. అన్నవాడు ఆ ఇంటికి కట్టుబడిపోతాడు. పాక కప్పు నెయ్యాలి, వల బాగుచెయ్యాలి, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడాలి.

ఉప్పెన తరవాత పాలెంలో పిలిచేవాళ్ళే మిగిలారు. అనేవాళ్ళు మిగల్లేదు. ఎవరి ఇంటి శోకానికి వాళ్ళే చాలకపోతే, ఇంకొకరి ఇంటికి "ఉన్నా" అని ఎవరంటారు?

షూటింగు మధ్యలో, అన్నం వేళ, పెద్దింట్లమ్మ ఒక్కతే పోయి విరిగిన పడవ పక్కన కూర్చుని పాడుకుంటోంది.

"వల ఆరనే లేదు, కూడు చల్లారనే లేదు,
ఏ కెరటం పిలిచిందయ్యా... నాంచారయ్యా..."

ఆగింది. నాంచారయ్య ఆమె మొగుడు. కాసేపు సముద్రం చప్పుడు ఒక్కటే. మళ్ళీ ఎత్తుకుంది.

"తల దువ్వి జడేస్తే, రిబ్బను కట్టకముందే
యాడికి లేచెళ్ళావే... తిరపతమ్మా..."

మళ్ళీ ఆగింది. అది కూతురు.

"ఎత్తుకోమని ఏడ్చావు, కాసేపుండమన్నాను,
ఎవరెత్తుకుపోయార్రా... గంగులూ..."

అది చంటోడు. అక్కడ చాలాసేపు ఆగింది. ఆ ఆగడం చూసి నేను దగ్గరికి వెళ్ళి నోరు తెరిచాను. నేనేం అనబోతున్నానో ఆమెకి తెలిసిపోయింది.

"నువ్వు అనబోకు మావయ్యా," అంది, తల తిప్పకుండానే. "నీ నోటికి అన్నీ నవ్వులాటే. నవ్వులాటకి ఉన్నా అంటే పోయినోళ్ళు నమ్మేస్తారు."

నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో నా నోరు మూయించిన మనిషి ఆమె ఒక్కతే.

సరిగ్గా అప్పుడే మద్రాసు సంగీతం ఆయన వచ్చాడు, టేపు పెట్టె మోయించుకుని. "అమ్మా, ఆ పాట మళ్ళీ పాడు" అన్నాడు. వినేవాడు ఒకడు వచ్చాడు గదా అని ఆమె పాడింది. ఆయనకి కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి, అబద్ధం ఎందుకు ఆడాలి. కానీ పెట్టె మూశాక, "మధ్యమధ్యలో మర్చిపోతోంది పాపం. ఆ ఖాళీలు మనం నింపుకుందాం" అన్నాడు తన అసిస్టెంటుతో.

నింపుకున్నారు. తెర మీద హీరోయిను పట్టుచీరె తడిసిపోకుండా ఒడ్డున కూర్చుని పాడింది. గొంతు ఇంకెవరిదో. నాంచారయ్య పోయి "నా రాజా" వచ్చాడు. తిరపతమ్మ పోయి "బంగారు తల్లి" వచ్చింది. గంగులు పోయి "చిట్టి తండ్రి" వచ్చాడు. పెద్దింట్లమ్మ ఆగిన చోటల్లా వయొలిన్లు. ఒకటా రెండా, కట్టలకొద్దీ వయొలిన్లు. "ఉన్నా" అనాల్సిన చోట వాళ్ళు ఒక్క మనిషిని కూడా పెట్టలేదు. రచన అని ఒక పేరు, సంగీతం అని ఒక పేరు, అన్నిటికీ పేర్లున్నాయి. గొడుగు పట్టినవాడి పేరు కూడా వేశారు. అందుకే లేచి అరిచింది. అందుకే గెంటారు.

ఆ సాయంత్రం ఆమెను హలీమా ఇంటికి తీసుకెళ్ళాను. హలీమా అద్దకం పనిచేస్తుంది. చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద కొట్టే పని. ఆమె మొగుడు రహంతుల్లా మా హాల్లోనే ప్రొజెక్టరు ఆపరేటరు. హాలు నిండా జనం ఉన్నా వాడొక్కడే పైన, ఆ వేడి గదిలో, బొమ్మకి వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మంట చూసుకుంటూ. వాడివైపు ఎవరూ తిరిగి చూడరు. రీలు తెగితే మాత్రం అందరూ తిరిగి, వాడి అమ్మను తలుచుకుంటారు.

సంగతి విని జనం పోగయ్యారు. అద్దకం పనివాళ్ళు, రిక్షావాళ్ళు, చేపలబజారు ఆడవాళ్ళు. కొంతమంది కాలేజీ పిల్లల్ని రాజకుమారి వెంటబెట్టుకొచ్చింది. గుడివాడ అమ్మాయి, బందరు హాస్టల్లో ఉండి చదువుతోంది, విద్యార్థి సంఘంలో ముందుంటుంది. ఆరేసిన గుడ్డల కిందే మీటింగు.

రిక్షా సంఘం యలమంద ముందే లేచాడు. "ఏందండీ ఇది? ఉప్పెన పోయి ఇన్నాళ్ళయినా జనానికి కొంపల్లేవు, గోడుల్లేవు. కూటికి లేనోళ్ళం పాట కోసం పోట్లాడాలా?"

"కూడు కోసం కొట్లాడదాం, పాట వదిలేద్దాం అంటావా?" అంది రాజకుమారి.

"వదిలేద్దామని కాదమ్మా. ముందు ఏదో తేల్చండి అంటన్నా."

హలీమా రంగు చేతులతోనే లేచింది. "నేను చెప్తా విను యలమందన్నా. ఈ గుడ్డ మీద నెమలి మా నాయన చెక్కిన అచ్చు. ఇది ఫారిన్ పోతది. దాని మీద చీటీ ఎవుడి పేరుతో ఉంటదో తెలుసా? షాపు సేటు పేరుతో. నెమలి మాది, పేరు ఆడిది. ఇన్నాళ్ళూ ఏమీ అనిపించలా. అలవాటయిపోయింది. ఇవాళ పెద్దింట్లక్కని చూశాక అనిపించింది. మన చెయ్యి ఆళ్ళకి కావాలి, మన గొంతు కావాలి, మన ఏడుపు కావాలి. మనం మాత్రం వద్దు."

"అదీ మాట!" అన్నాడు రహంతుల్లా.

"పెళ్ళాం మాటకి ఎప్పుడైనా కాదన్నావా నువ్వు?" అన్నాను నేను. అందరూ నవ్వారు. పెద్దింట్లమ్మ నవ్వలేదు.

యలమంద తల గోక్కున్నాడు. "నిజమేలే. నా రిక్షా కూడా నాది కాదుగా. వెనకాల పేరు ఓనరు కూతురిది. ఆ పిల్ల ఒక్కనాడన్నా తొక్కిందా?"

రాజకుమారి కాగితం తీసింది. "రాస్తున్నా. పాట, పెద్దింట్లమ్మ, దిబ్బపాలెం అని తెర మీద వెయ్యాలి. మొదటి డిమాండు."

"నా పేరు నాకొద్దమ్మాయ్," అంది పెద్దింట్లమ్మ. అప్పటిదాకా మాట్లాడలేదు. "నేనున్నాగా, పేరెందుకు? లేనోళ్ళ పేర్లు పెట్టమను. ఆళ్ళకి ఫోటోల్లేవు, గోరీల్లేవు. ఇల్లున్న చోట ఇసక. ఆ పాటలోనే ఉన్నారు ముగ్గురూ. అందులోంచి కూడా ఎళ్ళగొడితే ఇంక యాడుంటారు?"

ఆరేసిన గుడ్డలు గాలికి కొట్టుకుంటున్నాయి. రాజకుమారి రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది.

మర్నాడు పొద్దున్నే కోదండరామయ్య గారింటికి అందరం వెళ్ళాం. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. చెప్పిందంతా విన్నాడు. కోప్పడలేదు. అదీ ఆయన గొప్ప.

"సినిమాలో పేరు వెయ్యాలంటే పేరున్నవాళ్ళై ఉండాలమ్మా," అన్నాడు రాజకుమారితో. "పేరు లేనివాళ్ళకి పేరెట్లా వేస్తారు? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు."

"పేర్లున్నాయండీ. మీరే తీసేశారు," అంది రాజకుమారి.

"నాంచారయ్య, గంగులు... అవి పాటకి పనికొచ్చే పేర్లా? జనం ఏడవాలిగా. నా రాజా అంటే ఎవరి రాజాని వాళ్ళు తలుచుకుని ఏడుస్తారు. ఇది వ్యాపారం." నావైపు తిరిగాడు. "ఏరా అబ్బులూ, నువ్వు కూడానా? హాస్యగాడివి, నీకెందుకురా ఈ గోల?"

"చిత్తమండి. నన్ను కూడా మీ సినిమాలో వయొలిన్ కింద వాడుకుంటారేమోనని కనుక్కుందామని వచ్చానండి," అన్నాను.

వెనకున్న యలమంద కిసుక్కుమన్నాడు. కోదండరామయ్య గారు నవ్వలేదు. "రేపటి మ్యాట్నీకి హాలు నిండాలి. పోయి రిక్షా ఎక్కు" అన్నాడు.

ఎక్కాను. ఓనరు చెప్పాక ఎక్కకపోతే ఎలా? ఆదివారం పొద్దున్నుంచీ మైకు పట్టుకుని బందరంతా తిరిగాను. "రండి బాబూ రండి! దివిసీమ శోకం, మద్రాసులో తయారైంది! పోయినవాళ్ళ పేర్లు తీసేసి, శుభ్రంగా కడిగి, వయొలిన్లు నింపి ఇస్తున్నారు! పేర్లు తప్ప అన్నీ ఉన్నాయి! పేర్లు కావాలనుకున్నవాళ్ళు ఇవాళ మ్యాట్నీకి మీ నోళ్ళు మీరే తెచ్చుకోండి!" పిల్లలు రిక్షా వెంట పరిగెత్తారు. చేపలబజారు ఆడవాళ్ళు బుట్టలు దించి విన్నారు. హాలు నిండింది. కోదండరామయ్య గారు చెప్పిన పని నేను చెయ్యలేదని ఎవరన్నా అంటే ఒప్పుకోను.

నేల మీద మా వాళ్ళు, బెంచీల్లో కాలేజీ పిల్లలు, బాల్కనీలో ఆఫీసర్లు, వాళ్ళ పెళ్ళాలు. పెద్దింట్లమ్మ నేల మీద మొదటి వరసలో. ఆమెకి అటూ ఇటూ చోటు వదిలేసి కూర్చున్నారు జనం. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే వదిలారు. నాకది చూస్తే భయమేసింది. ఆ వదిలిన చోట్లలో మనుషులు కూర్చుని ఉన్నట్టే ఉంది.

పాట సీను వచ్చింది. హీరోయిను ఒడ్డున కూర్చుంది. నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

పైన రహంతుల్లా సౌండు నాబు తిప్పేశాడు.

బొమ్మ కదులుతోంది, నోరు కదులుతోంది, హాలంతా నిశ్శబ్దం. బాల్కనీలోంచి ఎవరో "ఒరేయ్ ఆపరేటరూ!" అని అరిచారు. అప్పుడు నేల మీద నుంచి పెద్దింట్లమ్మ లేచింది. తెర మీద పెద్ద హీరోయిను, కింద చిన్న పెద్దింట్లమ్మ. గొంతు మాత్రం కింది మనిషిది.

"వల ఆరనే లేదు, కూడు చల్లారనే లేదు,
ఏ కెరటం పిలిచిందయ్యా... నాంచారయ్యా..."

ఆగింది.

ఎవరంటారు? అందరికీ పద్ధతి చెప్పే ఉంచాం. అంటే కట్టుబడాలని తెలుసు. అందుకే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఊరేగింపులో జిందాబాద్ అన్నంత తేలిక కాదది. ఆమె మెడ వంగిపోతోంది. ఇంతమందిలో కూడా అదే సముద్రం ఒడ్డు.

అప్పుడు ప్రొజెక్టరు గది కంతలోంచి, వెలుతురు పక్కనుంచి ఒక గొంతు వచ్చింది. "ఉన్నా!"

జనం అందరూ వెనక్కి తిరిగి రహంతుల్లా వైపు చూశారు. రీలు తెగకుండా వాడివైపు చూడటం అదే మొదలు.

పెద్దింట్లమ్మ మెడ లేచింది. కూతుర్ని పిలిచింది. "తిరపతమ్మా..." అని ఆగింది.

"ఉన్నా అక్కా!" అంది హలీమా. ఆ వెంటనే రాజకుమారి, "ఉన్నా!" చేపలబజారు ఆడవాళ్ళు, "ఉన్నాం తల్లీ, ఉన్నాం!" ఆ తరవాత ఎవరి పేర్లు వాళ్ళు పిలవటం మొదలెట్టారు. ఉప్పెనలో మనిషిని పోగొట్టుకోని పేట బందరులో ఏదుంది? ఒక మూల నుంచి పేరు, ఇంకో మూల నుంచి "ఉన్నా". బాల్కనీలో ఒక ఆఫీసరు గారి భార్య లేచి, తమ్ముడి పేరు పిలిచింది. ఆ ఆఫీసరు ఆమె చీరె కొంగు పట్టుకుని కూర్చోబెట్టాలని చూశాడు. కింద నుంచి యలమంద "ఉన్నానమ్మా!" అని అరిచాడు.

పెద్దింట్లమ్మ చంటోడి మీద పాట ఎత్తుకుంది. "ఎవరెత్తుకుపోయార్రా... గంగు..." అంటుండగా లైట్లు వెలిగాయి. పోలీసులు.

ఎస్సై గారు మెట్ల మీద నిలబడి అడిగాడు. "సౌండు ఆపిందెవడు? రహంతుల్లా అంటే ఎవడు?"

"ఉన్నా!" అన్నాడు యలమంద.

"ఉన్నా!" అంది హలీమా. "ఉన్నా!" అన్నారు కాలేజీ పిల్లలు, రంగు చేతులవాళ్ళు, బుట్టలవాళ్ళు.

"ఎంతమందిరా రహంతుల్లాలు?"

"పొడుగ్గా ఉన్నవాళ్ళం కొందరం, పొట్టివాళ్ళం కొందరం అండి. ఏ సైజు కావాలో చెప్పండి," అన్నాను.

లాఠీ నాతోనే మొదలైంది. యలమంద తల పగిలింది. పగిలిన తలతోనే ఇంకోసారి "ఉన్నా" అన్నాడు మొండివాడు. ఆడవాళ్ళని బయటికి తోశారు. కార్బన్ వాసన పట్టిచ్చింది కనుక రహంతుల్లానీ, మైకు చేతిలో ఉంది కనుక నన్నూ వ్యానెక్కించారు. వెనకాల కోదండరామయ్య గారి గొంతు వినపడుతూనే ఉంది. "టికెట్ డబ్బులు వాపసు లేవు, వాపసు లేవు" అంటున్నాడు.

లాకప్పులో నా వీపు మండుతోంది. ఏదన్నా జోకు దొరుకుతుందేమోనని లోపల వెతుక్కున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఊరందరినీ నవ్విస్తూ తిరుగుతాను గానీ, తిరిగి గదికెళ్ళి తాళం తీస్తే, వచ్చావా అని అడిగే ప్రాణి లేదు. ఆ గదికీ ఈ గదికీ తేడా ఏంటంటే, ఇక్కడ తాళం బయటవాడి దగ్గరుంది. అంతే.

"భాయ్," అన్నాడు రహంతుల్లా మెల్లిగా. "నాంచారయ్య బదులు ఉన్నా అనేశాను. నాకు సముద్రం అంటేనే భయం. ఇప్పుడేం చెయ్యాలి?"

"వల బాగుచెయ్యటం నేర్చుకో. రీలు అతికించటం వచ్చుగా, అదీ అంతే."

వాడు నవ్వాడు. నాకు కొంచెం ఊపిరాడింది.

అప్పుడు బయట గొంతు వినిపించింది. స్టేషన్ గోడ అవతల, రోడ్డు మీద. ఆమె ఒక్కతే కాదు, వెనక జనం గొణుగుడు కూడా వినపడుతోంది. కానీ పాట మాత్రం ఆమెదే. హాల్లో తెగిన చోటే ఎత్తుకుంది.

"ఎత్తుకోమని ఏడ్చావు, కాసేపుండమన్నాను,
ఎవరెత్తుకుపోయార్రా... గంగులూ..."

ఆగింది. బయట అంతమంది ఉన్నారు. ఒక్కరూ అనలేదు. రాజకుమారి తరవాత చెప్పింది, ఎందుకు అనలేదో. పెద్దింట్లమ్మ మా గోడవైపే చూస్తోందట.

నేను లేచి కిటికీ ఊచలు పట్టుకున్నాను. 

"ఉన్నా," అన్నాను.

బయట చప్పుడు ఆగింది.

"ఎవురది?" అంది పెద్దింట్లమ్మ.

"నేనే. అబ్బుల్ని."

"నవ్వులాటకా?"

"కాదు."

   కానిస్టేబులు లాఠీతో ఊచల మీద కొట్టాడు. నేను చెయ్యి తియ్యలేదు.

"అయితే బయటికి రాగానే నా పాక కప్పు నెయ్యాలి మావయ్యా," అంది. "తాటాకు నువ్వే తెచ్చుకో, నా దగ్గర లేదు. ముందు గుడివాడ పోదాం. అక్కడా ఇదే ఆట వేస్తన్నారంట. ఈ అమ్మాయి అంటంది, అక్కడ హాలు ఇంతకన్నా పెద్దదంట."

"ఎంత పెద్దదైనా," అంది రాజకుమారి గొంతు, "ఆపరేటరు ఒక్కడే ఉంటాడు మావయ్యా. మా వీధి వాడే."

నా పక్కన రహంతుల్లా ఊచలు పట్టుకుని లేచాడు. బయట ఎవరో నా రిక్షా మైకు తెచ్చారు, అది కీచుమంది. ఆమె మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఈసారి ఏ పేరు దగ్గరా ఆగాల్సి రాలేదు.